పొగమాస్టారి చేతి ముక్కలు

“మంట ఏది?” అని అడిగాడు పరీక్షశాల చూడ్డానికి వచ్చినవాళ్లలో ఒకాయన.

పొగమాస్టారు పంతొమ్మిదేళ్లుగా ఈ ప్రశ్న వింటున్నాడు. మంట రాకపోవడమే ఇక్కడ చూడాల్సింది. ఆ మాట చెప్తే ఎవరికీ నచ్చదు. ఎంతో దూరం నుంచి వచ్చి, కళ్లద్దాలు పెట్టుకుని, అద్దం గోడకు ఇవతల వరసగా నిలబడతారు. అవతల బల్ల మీద జానెడు వైరు ముక్క ఉంటుంది. దానికి ఒక పక్క హీటరు, ఇంకో పక్క బోర్డు, బోర్డులో బొటనవేలంత వెడల్పున్న ఆర్క్ బ్రేకరు. మాస్టారు మీట వేస్తాడు. ముక్క చిటపటమంటుంది. ఊపిరి పీల్చి వదిలేలోపు బ్రేకరు టక్కున పడిపోతుంది, కరెంటు తెగుతుంది. ఒక పోగు పొగ లేస్తుంది.

“అయిపోయిందా?” అంటారు.

అయిపోయింది. మామూలు బ్రేకరుకు కరెంటు మోతాదు మించితేనే తెలుస్తుంది. గోడలో ఎక్కడో తీగ సగం తెగి, ఆ సందులో కరెంటు నిప్పురవ్వలై దూకుతుంటే దానికి తెలియదు. ఎక్కడో హీటరు నడుస్తోంది అనుకుంటుంది. ఆర్క్ బ్రేకరు ఆ చిటపటను వింటుంది, విని తెంపేస్తుంది. ఇదంతా మాస్టారు చెప్తాడు. వచ్చినవాళ్లు అప్పటికే టీ ఎక్కడిస్తారని చూస్తుంటారు.

“కొంచెం ఆగి పడేలా పెట్టకూడదా మాస్టారూ? ఫోటోకి కూడా అందడం లేదు,” అన్నాడొకసారి మేనేజరు.

“ఆగి పడితే దాన్ని ఫెయిలంటాం సార్.”

ఆయన ఎవరికీ పాఠం చెప్పిన మాస్టారు కాదు. ఇక్కడికి రాకముందు పదిహేనేళ్లు ఇళ్లకు వైర్లు లాగినవాడు. ఈ పరీక్షశాలలో చేరిన కొత్తలో సాయంత్రమయ్యేసరికి ఒళ్లంతా కాలిన ప్లాస్టిక్ కంపు కొట్టేది. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు ఒక స్టాపు చూసి లేచిపోయేవాళ్లు. “జీతం తక్కువే గానీ సీటు మాత్రం ఇద్దరిది,” అనేవాడు. అలా పొగమాస్టారయ్యాడు. ఇప్పుడు జీతం రిజిస్టరులో తప్ప అసలు పేరు ఎక్కడా వినబడదు.

నిజానికి ఆయన పని బ్రేకర్లను పరీక్షించడం కాదు. అది మీట వేస్తే దానంతటదే జరుగుతుంది. ఆయన పని వైరును సరిగ్గా పాడుచేయడం. బాగున్న వైరు నిప్పులు రాల్చదు. పూర్తిగా తెగినదీ రాల్చదు. రెండింటికీ నడుమ ఉండాలి. జానెడు ముక్క కోసి, మధ్యలో పైతొడుగుకు రాగి మెరిసేదాకా సన్నటి గాటు పెట్టాలి. గాటు మీద నల్ల టేపు రెండు చుట్లు, దాని మీద గాజుపోగు టేపు రెండు చుట్లు. ఆ తర్వాత పెద్ద వోల్టేజీ ఎక్కించి, గాటును లోపల్లోపలే బొగ్గు చేయాలి. ముక్కకు తగిలించిన బల్బు వెలిగితే ముక్క తయారైనట్టు.

వేరే చోట పదికి మూడో నాలుగో పాడవుతాయంటారు. పొగమాస్టారి ముక్కలు పాడవవు. అవి తలుపు సందులో గాలిలా ఒకే తీరుగా చిరచిరమంటూ ఉంటాయి. ఎప్పుడైనా ఒకటి ఆగి, మళ్లీ అందుకుని, మళ్లీ ఆగితే, “ఇది ముక్క కాదు” అని బల్ల కింద డబ్బాలో పడేస్తాడు. డబ్బాలోకి పోయినవాటికి లెక్క లేదు. ఆగిపోయిన ముక్క చెల్లదని నియమం. పూర్తిగా ఆగిపోవడమా, ఆగి ఆగి నడవడమా అని ఎవరూ అడగలేదు.

ఆ ఏడాది పైనుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. ఏ పరీక్షనైనా ఇద్దరు విడివిడిగా చేయాలి, ఇద్దరి ఫలితమూ ఒకటి కావాలి. రెండో మనిషిగా మేనేజరు మీటలక్కను పంపాడు.

ఆమె పదకొండేళ్లు పై అంతస్తులో స్విచ్చులు పరీక్షించింది. యంత్రం ఒక్కో స్విచ్చును నలభై వేల సార్లు వేసి తీస్తుంటే పక్కన కూర్చుని రాసుకునేది. అంత ఓపిక గల మనిషి ఆ భవనంలోనే లేదని అందరూ అనేవాళ్లు. ఆ ఓపికే పొగమాస్టారి ప్రాణం తీసింది.

“‘బిగుతుగా చుట్టవలెను’ అని ఉంది మాస్టారూ. ఎంత బిగుతు?”

“బిగుతంటే బిగుతే అమ్మా.”

“మీ బిగుతూ నా బిగుతూ ఒకటవుతాయా?”

“చేస్తూ ఉంటే చెయ్యే చెప్తుంది.”

“నా చెయ్యి ఇంకా ఏమీ చెప్పడం లేదండీ. కాగితంలో ఏముంటే అదే చేస్తాను.”

ఆ కాగితం తొమ్మిదేళ్ల కిందట ఆయనే రాశాడు. పధ్నాలుగు వాక్యాలు. తనకు తెలిసిందంతా అందులో ఉందనుకున్నాడు. మీటలక్క దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, గోడకు అతికించి, ఒక్కో వాక్యం దగ్గర వేలు ఆనించి పని చేసేది. ముక్కకు ఇరవై నిమిషాలు. ఆయనకు నాలుగు. ఆమె టేపు చుట్టేటప్పుడు అంచు మీద అంచు సరిగ్గా పడేది కాదు. చూస్తూ ఊరుకోలేక లేచి వరండాలోకి పోయేవాడు.

ఆ నెలలో ఒక కంపెనీవాళ్లు కొత్త ఆర్క్ బ్రేకరు తెచ్చారు. సన్నంగా ఉంది, ధర తక్కువ. ఉద్యోగం చేసుకునే ఆడవాళ్ల హాస్టళ్లలో మూడు వేల గదులకు దాన్నే బిగిద్దామని ఆ హాస్టళ్ల సూపరింటెండెంటు అనుకుంటోంది. అన్నీ కుదిరాయి, ఒక్క కాగితం తప్ప. ఇక్కడి నుంచి పాసయినట్టు రిపోర్టు కావాలి, దాని కింద పొగమాస్టారి సంతకం ఉండాలి. బుధవారం పదకొండింటికి స్వయంగా వచ్చి, చూసి, పట్టుకెళ్తానంది.

సోమవారం మీటలక్క తొమ్మిది ముక్కలు చేసింది. ఐదింటికి బ్రేకరు పడింది. నాలుగింటికి పడలేదు. నాలుగూ ఆగి ఆగి చిటపటలాడాయి. టేపు ఉబ్బి, గోధుమరంగుకు తిరిగి, బుడగలు కట్టింది. చివరికి ఆమే చేత్తో కరెంటు ఆపింది.

“ఇవి ముక్కలు కావమ్మా,” అన్నాడు పొగమాస్టారు.

“బల్బు వెలిగిందండీ. పన్నెండో వాక్యం ప్రకారం ఇవి ముక్కలే.”

“నేను రాసిన వాక్యం నాకే చూపిస్తున్నావా?”

“మీరు రాశారు కాబట్టే నమ్మాను.”

మేనేజరు, ఆయన వెనకే కంపెనీ మనిషి వచ్చారు. కంపెనీ మనిషి నాలుగు ముక్కలనూ రెండు వేళ్లతో ఎత్తి చూశాడు. “పెద్దాయన చేసినవి కావనుకుంటా. చూస్తేనే తెలుస్తోంది,” అన్నాడు నవ్వుతూ. మీటలక్క ముఖం కందిపోయింది. పొగమాస్టారికి ఆ మాట తీయగా తగిలింది. ఆ తీపి తర్వాత చాలా రోజులు ఆయన్ను ఇబ్బంది పెట్టింది.

“ఆవిడకు చెయ్యి తిరగలేదు సార్. రేపు నేను చేస్తాను,” అన్నాడు.

మంగళవారం తొమ్మిది ముక్కలు చేశాడు. ముప్పై ఆరు నిమిషాలు పట్టింది. తొమ్మిదింటికీ బ్రేకరు టక్కుటక్కున పడింది. కంపెనీ మనిషి ప్రతిసారీ తలాడించాడు. ఆగి ఆగి నడిచిన ఆ నాలుగు ముక్కలూ చెల్లవు, మిగతావాటిలో ఇద్దరి ఫలితమూ ఒకటే అని తేల్చి, మేనేజరు రిపోర్టు టైపు చేయమని చెప్పి వెళ్లిపోయాడు.

మీటలక్క మాత్రం ఎదురు కుర్చీలోంచి లేవలేదు. పొద్దున్నుంచీ ఆయన చేతులే చూస్తోంది. నోట్బుక్కులో తొమ్మిది గీతలున్నాయి.

“మాస్టారూ, ఒక మాట అడుగుతాను, కోప్పడకూడదు.”

“అడగకముందే కోపంగా ఉన్నాను. అడుగు.”

“అరచేతుల్లో దొర్లించమని కాగితంలో లేదు.”

“ఏది దొర్లించడం?”

“టేపు చుట్టాక ముక్కను రెండు అరచేతుల మధ్య పెట్టి దొర్లిస్తున్నారు. వత్తి చేసినట్టు. ఆరేడు సార్లు. తొమ్మిదింటినీ దొర్లించారు.”

“నేనా? నాకేం పని?”

ఆమె ఆయన చేతుల వైపు చూసింది. ఆయనా చూసుకున్నాడు. రెండు అరచేతులకూ నడిమధ్య, ఈ చివర నుంచి ఆ చివరకు, నల్లటి చార ఉంది. రోజూ సాయంత్రం సబ్బుతో రుద్ది కడుక్కునే చార. పంతొమ్మిదేళ్లుగా అది మురికి అనుకున్నాడు.

ఇంటికి వెళ్లేసరికి భార్య, కింది వాటాలో ఉండే ఆయన అక్క వంటింటి గడప దగ్గర కూర్చుని బట్టలు మడత పెడుతున్నారు. చెప్పులు విప్పకుండానే అడిగాడు.

“నా చేతులు ఊరికే ఏమైనా చేస్తుంటాయా?”

“ఏమీ చేయవు,” అంది భార్య. “అదే నా బాధ. ఒక గిన్నె తోమవు, ఒక తలుపు గొళ్లెం బాగు చేయవు.”

“వేళాకోళం కాదు. దేన్నైనా దొర్లిస్తుంటానా?”

“ఏది చేతికందితే అది. పెన్ను, దువ్వెన, బస్సు టికెట్టు. మన పెళ్లిచూపుల్లో నువ్వు గ్లాసు దొర్లించావని మా నాన్న నెల రోజులు చెప్పుకుని నవ్వాడు. ఇప్పుడు ఏం దొర్లుతోందో చూసుకో.”

ఇంటి తాళంచెవి. టక్కున బల్ల మీద పెట్టేశాడు.

అన్నం ముందు కూర్చుని జరిగింది చెప్పాడు. మీటలక్క ముక్కలు ఆగి ఆగి చిటపటలాడతాయనీ, అలా ఆడేవి అసలు ముక్కలే కావనీ, కాగితం చదివి పని చేసేవాళ్లతో తల ప్రాణం తోకకొస్తోందనీ చెప్పాడు. అక్క చీర మడత ఆపింది.

“ఆగి ఆగే కదరా మా గోడ కూడా,” అంది.

ఆ గోడ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అక్క పాత ఇంటికి వైర్లు లాగింది తమ్ముడే. తర్వాత బావ అద్దం తగిలించడానికి మేకు కొట్టాడు. మేకు వైరును గీరింది. ఆ గోడ వెచ్చగా ఉందని అక్క మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ తమ్ముడు వచ్చి చెయ్యి పెట్టి చూసి, ఎండకు కాగి ఉంటుంది అన్నాడు. నాలుగో నెలలో గోడకు ఆనించిన బీరువా, అందులోని బట్టలన్నీ కాలిపోయాయి. మనుషులకు ఏమీ కాలేదు. ఆ తర్వాతే ఆయన వైర్లు లాగడం మానేసి పరీక్షశాలలో చేరాడు.

“నేను చెయ్యి పెడితే వెచ్చగా ఉండేది, నువ్వొచ్చేసరికి చల్లగా ఉండేది,” అంది అక్క. “నాకే పిచ్చి అన్నావు. కొన్నాళ్లు చిటచిట వినిపించేది, కొన్నాళ్లు ఏమీ లేదు. దానికి నీ కాగితం ఎవరు చదివి వినిపించారు?”

“ఆ బీరువా గురించి ఇంకెన్నేళ్లు దెప్పుతావు?”

“అందులో ఇరవై నాలుగు పట్టుచీరలున్నాయి. ఏడాదికొకటి లెక్కేసుకున్నా ఇంకా బాకీ ఉంది.”

భార్య నవ్వింది. ఆయన నవ్వలేదు. ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మరిచిపోయాడు.

బుధవారం ఏడింటికే వచ్చాడు. మీటలక్క అప్పటికే ఉంది.

“దొర్లించకుండా తొమ్మిది చేస్తాను. నువ్వు చూస్తూ ఉండు,” అన్నాడు.

చెప్పినంత తేలిక కాలేదు. గాటు పెట్టాడు, టేపు చుట్టాడు, ముక్కను బల్ల మీద పెట్టబోయాడు.

“చేతులు,” అంది మీటలక్క.

ముక్క అప్పటికే అరచేతుల మధ్య ఉంది. దాన్ని పక్కన పడేసి ఇంకొకటి మొదలుపెట్టాడు.

“చేతులు.”

“చూశానమ్మా, చూశాను.”

మూడోది. “చేతులు మాస్టారూ.”

“నాకు చెవుడు లేదు.”

చిన్నప్పుడు ఎడమచేత్తో రాస్తే బడిలో వేళ్ల మీద కొట్టేవాళ్లు. అప్పుడు కూడా ఇంత ఒళ్లు మండలేదు. చివరికి ఉపాయం ఆమే చెప్పింది. ఆయన చుట్టగానే ముక్కను ఆమె అందుకుని పక్కకు తీసేస్తుంది. అలా తొమ్మిది ముక్కలయ్యేసరికి గంటన్నర పట్టింది. ఇరవై రెండు ముక్కలు వృథా.

తొమ్మిదింటిలో నాలుగింటికి బ్రేకరు పడలేదు.

ఒక్కో ముక్కలో కరెంటు నడిచిన తీరును తెర మీద గీతలుగా వేసుకుని చూశాడు. దొర్లించిన ముక్కలో గాటు అంచులు ఒత్తుకుని సమంగా కలుస్తున్నాయి. బొగ్గు సమంగా పడుతోంది, చిటపట ఒకే తీరుగా సాగుతోంది. దొర్లించనిది దాని ఇష్టం వచ్చినట్టు మండుతోంది, ఆగుతోంది. ఈ బ్రేకరు చిటపటలను లెక్కపెడుతుంది. వరసగా ఇన్ని వస్తే పడుతుంది. నడుమ కాస్త ఆగితే, అప్పటిదాకా లెక్కపెట్టింది మరిచిపోయి మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఆగి ఆగి మండే వైరు దగ్గర దాని లెక్క ఎప్పటికీ పూర్తికాదు.

“ఇన్నేళ్లూ నేను పరీక్ష పెట్టలేదమ్మా. జవాబు చెప్పి ప్రశ్న అడిగాను,” అన్నాడు.

మీటలక్క టీ తెచ్చిపెట్టింది. చల్లారిపోయేదాకా ఆయన ముట్టలేదు.

పదిన్నరకు మేనేజరు గదిలోకి వెళ్లి చెప్పాడు. మేనేజరు తలుపు మూశాడు.

“మాస్టారూ, ఆవిడ దారిలో ఉంది. మీ ముక్కలకు తొమ్మిదికి తొమ్మిది పడ్డాయి. నియమం ఒప్పుకుంది. ఇంక మీకేమిటి నొప్పి?”

“నియమం ఒప్పుకుంది. నా చేతులు మోసం చేశాయి.”

“కథలు చెప్పకండి. ఇది ఫెయిలంటే, ఇదివరకు మీ ముక్కలతో పాసైనవి ఏం కావాలి? అవి ఎన్ని?”

“నూట నలభై రకాలు. అవీ మళ్లీ చూడాలి.”

మేనేజరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “గోరుచుట్టు మీద రోకలిపోటు అంటే ఏమిటో ఇన్నాళ్లకు తెలిసింది. సంతకం మీది. నేను పెట్టమనను, వద్దనను. కిందికి నడవండి,” అన్నాడు.

సూపరింటెండెంటు పొట్టిగా, తెల్లజుట్టుతో, చేతిలో పెద్ద సంచితో వచ్చింది. అద్దం గోడకు ఇవతల నిలబడింది. కంపెనీ మనిషి ఆవిడ పక్కనే ఉన్నాడు. పొగమాస్టారు నిన్నటి ముక్కల్లో ఒకదాన్ని మళ్లీ బిగించి మీట వేశాడు. టక్కుమంది.

“చూశారా మేడమ్,” అన్నాడు కంపెనీ మనిషి.

“ఇది నేను చేసిన ముక్క. ఇప్పుడు ఈవిడ చేసింది చూడండి,” అన్నాడు పొగమాస్టారు. మీటలక్క తన ముక్కను బిగించింది. కంపెనీ మనిషి ముందుకొచ్చాడు. “సార్, అది పాడుముక్క. అది లెక్కలోకి రాదు.”

మాస్టారు మీట వేశాడు. ముక్క చిటపటమంది, ఆగింది. మళ్లీ చిటపట, మళ్లీ ఆగింది. అందరూ బ్రేకరునే చూస్తున్నారు. అది కదల్లేదు. టేపు ఉబ్బి గోధుమరంగుకు తిరిగింది. నల్లటి చుక్క ఒకటి బల్ల మీద పడింది. మీటలక్క చెయ్యి కరెంటు ఆపే మీట మీదికి వెళ్లింది. పొగమాస్టారు ఆగమన్నట్టు వేలు చూపించి, పది అంకెలు లెక్కపెట్టి, అప్పుడు తనే ఆపాడు.

“తేడా ఏమిటి?” అని అడిగింది సూపరింటెండెంటు.

“నేను టేపు చుట్టాక అరచేతుల్లో దొర్లిస్తానండీ. నాకే తెలియకుండా. దొర్లిస్తే సాఫీగా మండుతుంది. సాఫీగా మండితే ఇది పడుతుంది.”

“మా గదుల్లో వైర్లను ఎవరైనా దొర్లిస్తారా?”

“లేదండీ.”

“మేకులు కొడతారు. మంచం కాలు వైరు మీద పెడతారు. వద్దన్నవన్నీ చేస్తారు,” అంది ఆవిడ. సంచి భుజానికెత్తుకుని మేనేజరు వైపు తిరిగింది. “ఈయన ఏం రాస్తే అదివ్వండి. నేను అది చదివి నిర్ణయం చేస్తాను.”

టైపు చేసిన రిపోర్టును పొగమాస్టారు పక్కన పెట్టాడు. తెల్లకాగితం తీసుకుని చేత్తో రాశాడు. అరచేతుల్లో దొర్లించిన ముక్కలు తొమ్మిది, బ్రేకరు తొమ్మిదిసార్లూ పడింది. దొర్లించని ముక్కలు పద్దెనిమిది, ఎనిమిదిసార్లు పడలేదు. పాస్ అనలేం. కింద సంతకం పెట్టాడు. పక్కన మీటలక్క చేత కూడా పెట్టించాడు. ఆమె పెన్ను అందుకుని, “ఏ పేరు రాయాలి?” అంది. ఆమె అసలు పేరు ఆయనకు ఆ సంతకంలోనే తెలిసింది.

కంపెనీ మనిషి బ్రేకర్లన్నీ ఏరుకుని అట్టపెట్టెలో సర్దుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, “మీలాంటివాళ్లు ఉంటే ఎవరూ ఏమీ తయారు చేయలేరు,” అన్నాడు. పొగమాస్టారికి ఆ మాటలో అబద్ధం కూడా లేదనిపించింది.

ఆ తర్వాతి వారం నూట నలభై రకాల జాబితా గోడకు ఎక్కింది. ఒక్కోదానికి తొమ్మిది ముక్కలు. ఆయన చేతులను ఎన్ని విధాల బతిమాలినా మాట వినలేదు. చేతికి తొడుగులు వేసుకున్నాడు, తొడుగుల్తోనే దొర్లించాయి. పాటలు వింటూ చేశాడు, తాళానికి తగ్గట్టు దొర్లించాయి. నాలుగో రోజు గాటు పెట్టే కత్తి, టేపు చుట్టలు, గాజుపోగు టేపు, అన్నీ ఒక పళ్లెంలో పెట్టి మీటలక్క బల్ల మీద ఉంచాడు.

“ఇక నువ్వే చెయ్యి. నేను మీట వేస్తాను, రాసుకుంటాను.”

“నేను నెమ్మదిగా చేస్తానండీ.”

“నాకు తెలుసు.”

ఆమె కాగితంలో మొదటి వాక్యం మీద వేలు పెట్టింది. గాటు పెట్టింది. గాటు కొంచెం వంకరపోయింది. నల్ల టేపు చుట్టడం మొదలుపెట్టింది. అంచు మీద అంచు పడలేదు, ఒక పక్క ముడత వచ్చింది. పొగమాస్టారు ఎదురు కుర్చీలో కూర్చుని ఆ ముడతను చూశాడు. పళ్లు బిగపట్టాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

“ఇలా పరవాలేదా మాస్టారూ?” అంది తల ఎత్తకుండానే.

పరవాలేదు అనడానికి ఆయనకు కొంచెం సేపు పట్టింది.